ఏడో రౌండులో తువ్వాలు

మార్చి 4

నిన్న మా ఆవిడ పోయింది. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటాను. రేపటినుంచి ఎవరెవరో వచ్చి అది నాకే చెప్తారు.

పొద్దున్న లేస్తూనే తలగడ మరీ మెత్తగా ఉందని తిట్టింది. గట్టిది తెచ్చాను. రాయిలా ఉందంది. మళ్ళీ మెత్తదే పెట్టాను. "ఇది ముందే తేవచ్చుగా మాస్టారూ" అంది. పాలు సగం తాగింది. నర్సు సూదితో దగ్గరికి వస్తే గడ్డం దించి, రెండు పిడికిళ్ళూ ముఖానికి అడ్డం పెట్టింది. జ్ఞాపకం చెదిరినప్పటినుంచి ఎవరు దగ్గరికి వచ్చినా అంతే. నర్సుకు అలవాటైపోయింది. నేను మీ పార్టీనే మేడమ్ అంది. అప్పుడు చేతులు దించింది.

ఎండ మంచం దాకా వచ్చాక ప్లంబర్ వచ్చాడు. వంటింటి కుళాయికి వాషర్ మార్చాలా, కుళాయే మార్చాలా అని అడిగాడు. కుళాయే మార్చమన్నాను. వాషర్ చాలన్నాడు. అలాంటప్పుడు నన్నడగడం దేనికన్నాను. మా చర్చ తేలేలోపే నర్సు వచ్చి గుమ్మంలో నిలబడింది.

వెళ్ళి చూశాను. పిడికిళ్ళు విప్పి ఉన్నాయి.

ప్లంబర్ పని సగంలో వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. కుళాయి కారుతూనే ఉంది.

మార్చి 6

పేపర్లన్నీ చదివాను. మూడింటికి ఒకటే శీర్షిక: "పిడుగు నేల రాలింది". ఆమెను అభిమానులు పిడుగు అనేవారు, నిజమే. కానీ పిడుగు ఎప్పుడైనా నేల మీదికే వస్తుంది. అదేం వార్త.

ఒకరు ఆమె వయసు తప్పు రాశారు. ఒకరు ఇంకెవరిదో ఫోటో వేశారు. ఒకరు ఆమె ఆకలితో అలమటిస్తూ పెరిగిందని రాశారు. వాళ్ళ నాన్నకు టైర్ల కొట్టుండేది, తండ్రీ పిల్లలూ ముగ్గురూ సుబ్బరంగా తినేవారు.

జరిగింది ఇంతే. ఆ టైర్ల కొట్టు పై అంతస్తులో వాళ్ళన్న బాక్సింగ్ నేర్పేవాడు. పదహారేళ్ళప్పుడు మెట్లెక్కి వెళ్ళి గ్లోవ్స్ తొడుక్కుంది. ఆడపిల్లలెవరూ లేక మగపిల్లలతోనే తలపడింది. వాళ్ళు మొదట్లో మొహమాటపడి మెల్లగా కొట్టేవారట. కొన్నాళ్ళకు మొహమాటం పోయింది. ఇంకొన్నాళ్ళకు వాళ్ళే రావడం మానేశారు. ఇరవై రెండేళ్ళకు జాతీయ టైటిల్. ఇరవై ఆరుకు ప్రపంచ టైటిల్. అది ఒకసారి పోయింది, మళ్ళీ తెచ్చుకుంది. ముప్ఫై ఆరుకు మానేసింది. అప్పటికి ఆడపిల్ల గ్లోవ్స్ తొడుక్కుంటే నవ్వేవాళ్ళు ఈ దేశంలో లేరు.

మొత్తం మీద ఓడింది ఒక్కసారి. గోడ అని పేరుపడ్డ ఆవిడ చేతిలో.

సాయంత్రం టీవీ కుర్రవాడొకడు మైకు పట్టుకుని, మేడమ్ ఇంట్లో కూడా చేయి చేసుకునేవారా సార్ అని అడిగాడు. ఈ జోకు మా పెళ్ళిలో మా పెదనాన్న మొదలుపెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జోకు మాత్రం పోలేదు.

మార్చి 7

జనం. జనం. జనం.

మార్చి 9

బావగారు వచ్చారు. ఆమె అన్న, ఆమె కోచ్. ఆయనకు నేను బావను, నాకాయన బావ. ఇన్నేళ్ళుగా ఒకరినొకరం బావా బావా అనుకుంటూనే ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేదు.

స్టేడియం ముందు ఆమె విగ్రహం పెడతారట. పీఠం మీద "అజేయ" అని చెక్కాలని బావగారి కోరిక. ఒకసారి ఓడిన మనిషిని అజేయ అని ఎలా చెక్కుతారు బావా అన్నాను. అందుకే వచ్చానన్నారు.

ఆ పోటీ ఫలితాన్ని రద్దు చేయమని ఆయన బాక్సింగ్ సంఘానికి అర్జీ పెట్టారు. ఆధారం నేనే. ఏడో రౌండులో మా మూలనుంచి రింగులోకి తువ్వాలు విసిరింది నేను. తువ్వాలు పడితే పోటీ ఆగిపోతుంది, ఆ వైపు ఓడినట్టు. అది విసిరే హక్కు కోచ్‌కే ఉంది. నేను బకెట్ మనిషిని. నీళ్ళందించడం, ఉమ్మిన నీళ్ళు పట్టడం, స్టూలు వేయడం నా పని. బాక్సింగ్‌వాళ్ళలో అదొక ఆనవాయితీ. బకెట్ ఇంటి మనిషి చేతిలోనే ఉండాలి, బయటివాడైతే నీళ్ళలో ఏం కలుపుతాడో తెలియదని భయం. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పుకునే నేను అలా బకెట్ పట్టాను. లైసెన్సూ గట్రా ఎవరూ అడగలేదు.

అయితే హక్కు లేనివాడు విసిరాడన్నది ఒక్కటీ చాలదట. ఆ క్షణానికి ఆమె పోరాడే స్థితిలోనే ఉందని రుజువు కావాలి. రికార్డింగులో రిఫరీ వీపు తప్ప ఏమీ కనపడదు. బావగారేమో అటు తిరిగి, నడుము కింద కొట్టారని జడ్జీల మీద అరుస్తున్నారు. మా మూలనుంచి ఆమె ముఖం చూసింది నేనొక్కణ్ణే.

కాగితం తెచ్చారు. భయంతో, అధికారం లేకుండా విసిరాను, ఆమె పోరాడే స్థితిలోనే ఉంది అని ఉంది. కింద సంతకం నాది కావాలి.

చూద్దాం అన్నాను. ఆయన చూడ్డానికేముంది అన్నారు. కాగితం బల్ల మీదే పెట్టి వెళ్ళారు. దాని మీద టీ గ్లాసు పెట్టాను.

మార్చి 10

కుళాయి.

మార్చి 11

సంతకం పెట్టాను. బావగారు వచ్చి తీసుకెళ్ళారు. టీ మరక చూసి మొహం ముడుచుకున్నారు.

మనిషే పోయాక ఒక సంతకం ఎంత. పైగా నేను మొదటినుంచీ అనుకుంటున్నదే అందులో ఉంది. ఆమె ఓడలేదు. నేను ఓడించాను. రాసిచ్చేటప్పుడు కష్టంగా ఏమీ లేదు. హాయిగానే ఉంది.

ఆ పోటీ తర్వాత కొన్నాళ్ళు ఆమె నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నాకేదైనా చెప్పాలంటే వాళ్ళన్నకు ఫోన్ చేసేది. ఆయన అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేసి, బావా, గీజర్ ఆపమంటోంది అనేవారు. ఆమె పక్క గదిలోనే ఉండేది. చివరికి ఆయనే విసిగిపోయి ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పుడు ఒకరోజు తెల్లారి, "మాస్టారూ, పరుగుకు వెళ్తున్నా, తలుపేసుకోండి" అంది. అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఆ రాత్రి సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు.

మార్చి 13

శిల్పి ఫోన్. విగ్రహంలో ఏ చెయ్యి ముందుండాలని అడిగాడు. ఆమెది ఎడమచేతి వాటం. కుడి పిడికిలి ముందుకు, ఎడమది గడ్డం దగ్గర. ఆ ఎడమచేతి కోసమే కదా ఎదుటివాళ్ళు నిద్ర మానుకుంది. అదే చెప్పాను. కానీ సార్, రోడ్డు మలుపు అటు ఉంది, ఎడమ చెయ్యి ముందుంటే వచ్చేపోయేవాళ్ళకు అందంగా కనపడుతుంది అన్నాడు.

రోడ్డు తిప్పించమన్నాను.

మార్చి 15

గోడ వచ్చింది.

ఆమెను ఓడించిన మనిషి. ఎంత కొట్టినా పడేది కాదు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతుంది. మోకాలు బాగా లేక మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. ఆ మోకాలి వల్లే, గెలిచిన టైటిల్ బెల్టు ఒక్కసారైనా నిలబెట్టుకోకుండా వదిలేసింది. మా ఆవిడ తర్వాత వేరే అమ్మాయిని కొట్టి దాన్ని తెచ్చుకుంది. వీళ్ళిద్దరికీ రెండో పోటీ జరగనే లేదు. ఆటలు మానేశాక ఇద్దరూ ఆదివారాలు ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకుంటారో నేనడగలేదు.

పలకరింపుకు వచ్చినవాళ్ళలో ఈవిడొక్కతే ఆమె గొప్పతనం నాకు వివరించలేదు. మంచం చూసింది. తలగడ సరిచేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి బిగించి చూసింది. ఆగలేదు. ఇదేమిటి అన్నయ్యగారూ, ఇల్లంతా ఇదే చప్పుడా అంది.

కూర్చున్నాక అసలు సంగతి అడిగింది. సంఘంవాళ్ళు ఆవిడకు నోటీసు పంపారు. ఇరవై రెండున విచారణ. కావాలంటే హాజరై అభ్యంతరం చెప్పుకోవచ్చట.

"మీరు సంతకం పెట్టారా?"

పెట్టానన్నాను. అది విగ్రహం కోసమేనని, మీ మీద ఏమీ లేదని, మీ ఆట గొప్పదేనని ఏదేదో చెప్పాను. ఆవిడ అంతా విన్నది.

"ఇన్నేళ్ళనుంచి నా గెలుపు మీ తువ్వాలు కింద పడి ఉంది అన్నయ్యగారూ. ఎవరికి చెప్పినా, ఓహో, వాళ్ళాయన తువ్వాలు వేశాడు కదా, అదేనా అంటారు. పోనీ, కిందైనా ఉంది కదా అనుకున్నాను. ఇప్పుడది కూడా లేకుండా ఊడ్చేస్తున్నారు."

నేను నా బాధ చెప్పాను. ఆమెను ఓడించింది మీరు కాదు, నేను, ఆ బరువు మోస్తున్నది నేను అన్నాను. ఓదార్పుగానే అన్నాను.

"ఎవరు మొయ్యమన్నారు?" అంది. లేచి వెళ్ళిపోయింది.

మార్చి 16

ఆ మాట అనడానికి ఆవిడెవరు.

మార్చి 17

ఇవాళా అదే. ఆవిడెవరు? ఎవరూ కారు. నా భార్యను ఓడించిన మనిషి.

ఓడించిన అని రాశాను. కొట్టెయ్యలేదు.

మార్చి 18

ఆవిడకు గట్టిగా నాలుగు మాటలు చెప్పి రావాలని వెళ్ళాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. బస్సుల డిపో వెనక రేకుల షెడ్డు. సాయంత్రాలు అక్కడ ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంది. నాకు తెలుసు, ఎప్పుడూ వెళ్ళలేదు. పైన బోర్డు: "పిడుగును ఓడించిన గోడ. ఇచ్చట బాక్సింగ్ నేర్పబడును." ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆమె చూసి ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది. చూసిందేమో కూడా.

లోపల పిల్లలు గట్టిగా తిట్లు తింటున్నారు. గోడ గొంతు ముందు నా పేర్చుకున్న మాటలు ఏ మూలకూ రావని అర్థమైంది. ఒక తల్లి బల్ల మీద కూర్చుని ఉంది. నేనెవరో తెలియదు. మా అమ్మాయిని ఇక్కడ చేర్చింది ఆ బోర్డు చూసేనండీ అంది. ఈమధ్య పేపర్లో అదేదో అబద్ధమని రాశారట, వచ్చే నెలనుంచి మాన్పించమంటున్నారు మా ఆయన అంది. మిగతా ఇళ్ళలోనూ అదే మాటట.

పిల్లలు వెళ్ళాక గోడ నా పక్కన వచ్చి కూర్చుంది. ముఖం తుడుచుకుంది. తిట్టడానికి వచ్చారా అంది. అవునన్నాను. కానివ్వండి అంది. బోర్డు బాగుందన్నాను.

అప్పుడు ఆవిడే చెప్పింది. ఆదివారం ఫోన్లలో ఇద్దరికీ ఒక ఆట ఉండేదట. మా ఆవిడ "ఆ రోజు నేను మళ్ళీ కొట్టేదాన్నే" అనేది. గోడ "కొడితే నేనూ ఇంకోటి ఇచ్చేదాన్నే" అనేది. అక్కణ్ణుంచి మాటలు మొదలు. కానీ జబ్బు మొదలైన కొత్తలో ఒక ఆదివారం మా ఆవిడ ఆట ఆడలేదట. నిజం చెప్పు, నువ్వు కొట్టి గెలిచావా, తువ్వాలు వల్ల గెలిచావా అని అడిగిందట. కొట్టే గెలిచానని చెప్పిందట గోడ.

"మంచిది అంది. నాకూ అలాగే గుర్తుంది అంది. ఆ తర్వాత ఒక మాటంది. చెప్పమంటారా?"

చెప్పమన్నాను.

"మా మాస్టారు ఒప్పుకోడే. అది తన ఓటమే అనుకుంటాడు. నాకంటూ ఉన్న ఒక్క ఓటమినీ ఆయనే పట్టుకుపోయాడు, అంది. నవ్వుతూనే అందిలెండి."

నవ్వుతూనే అని ఎందుకు కలిపిందో తెలియదు. నన్ను చూసి కలిపిందేమో.

బస్సు దొరకలేదు. నడిచి వచ్చాను.

మార్చి 19

ఏమీ రాయబుద్ధి కాలేదు.

నాకెందుకు చెప్పలేదు? పక్క గదిలోంచి గీజర్ సంగతి వాళ్ళన్న చేత చెప్పించింది. ఈ మాట గోడ చేత చెప్పిస్తోంది. మనిషి మారలేదు.

మార్చి 20

బావగారికి ఫోన్ చేసి రమ్మన్నాను. సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పాను.

మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత అర్థమైంది. ఇంటి మనిషివై ఉండి పై వాళ్ళతో కలుస్తావా అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకు దేనికన్నారు. ఆ సామెత మనిద్దరికీ వర్తిస్తుంది బావా అన్నాను. ఆయనకు కోపం పెరిగింది.

"భయపడ్డావా లేదా?"

"భయపడ్డాను."

"అదే కదా రాసింది. అందులో అబద్ధమేముంది?"

"పోరాడే స్థితిలో ఉందన్నది అబద్ధం."

"నీకేం తెలుసు బావా? నీళ్ళు పట్టినవాడివి. నేను దాన్ని తయారు చేసినవాణ్ణి."

"మీరు అటు తిరిగి ఉన్నారు."

ఇది అనకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళూ ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదు. నిలబడ్డవారు అలాగే కుర్చీలో కూలబడ్డారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఆ చేతులే ఆమెకు గుడ్డ పట్టీలు చుట్టేవి. వేళ్ళు ఇప్పుడు వంకర్లు పోయాయి.

"అది ఓడిందంటే నేను సరిగ్గా నేర్పలేదని కదా బావా" అన్నారు.

అంటే ఆయన కూడా. ఒకే ఓటమి. గోడ ఒక్కతి గెలిస్తే, ఆ ఓటమిని పంచుకోవడానికి ఈ ఇంట్లో ఇద్దరు మగాళ్ళం పోటీ పడుతున్నాం. ఓడినావిడకు చిల్లిగవ్వ వాటా లేదు.

ఆ మాట ఆయనతో అనలేదు. టీ పెట్టి ఇచ్చాను. తాగారు. కాగితం సంఘం దగ్గరికి చేరిపోయింది, ఇప్పుడు చేసేదేం లేదు, కావాలంటే విచారణలో అందరి ముందూ లేచి చెప్పుకో అన్నారు. చెప్తావా అని మాత్రం అడగలేదు. వెళ్తూ వెళ్తూ కుళాయి దగ్గర ఆగి, వాషర్ మారిస్తే సరిపోతుంది అన్నారు.

ఒళ్ళు మండింది.

మార్చి 21

ఎప్పుడూ రాయనిది రాస్తాను. నేను చూసింది.

ఏడో రౌండు. గోడ కుడిచెయ్యి చూపించి, ఎడమచేత్తో పక్కటెముకల కింద కొట్టింది. చప్పుడు పెద్దగా రాలేదు. ఆ దెబ్బ అంతే, ముందు ఏమీ కానట్టే ఉంటుంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, తాళ్ళకు ఆనుకుంది. తర్వాత రెండు చేతులూ కిందికి దిగిపోయాయి.

ఆమె చేతులు దించడం నేను అంతకుముందు రింగులో చూడలేదు. తల తిరిగినప్పుడు కూడా, కన్ను వాచి మూసుకుపోయినప్పుడు కూడా చేతులు పైనే ఉండేవి. ఇప్పుడు అవి ఆమె మాట వినడం లేదు. నా వైపు చూసింది. ఆపమని అడగలేదు. వద్దనీ అనలేదు. ఆ చూపులో నేను లేను. ఆమెకు ఒక సంగతి తెలిసింది, తెలిసిన వైపు చూసింది, ఆ వైపు నేను నిలబడి ఉన్నాను. అంతే.

అప్పటికే అయిపోయింది. తర్వాత నేను విసిరాను.

ఇన్నేళ్ళూ ఈ రెంటినీ తారుమారు చేసుకుని బతికాను. ముందు తువ్వాలు, తర్వాత ఓటమి. అలా ఉంటే ఆమె ఓడలేదు, నేను దోషిని, అంతా బాగుంది. దోషిగా ఉండడం తేలికైన పని. జనం జాలిపడతారు. ఓడిన మనిషి భర్తగా ఉండడం నాకు చేతకాలేదు. ఆమెకు ఓడడం చేతనైంది. ఓడి, అలిగి, మళ్ళీ పరుగుకు వెళ్ళింది. గెలిచినావిడకు ఆదివారం ఆదివారం ఫోన్ చేసింది. అజేయకు అది చేతకాదు.

శిల్పి మళ్ళీ ఫోన్ చేశాడు. రోడ్డు తిప్పడం కుదరదట. అయితే విగ్రహాన్నే తిప్పమన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఇందులో ఆలోచించాల్సిందేముందో.

గోడకు ఫోన్ చేసి, రేపు వస్తున్నారా అన్నాను. డ్యూటీ ఉంది, పిల్లల్ని దింపి వస్తాను, అయినా నేను వచ్చి ఏం చెయ్యాలి, మీ ఇంటివాళ్ళు కాగితం రాసిచ్చేశారు కదా అంది. ఊరికే వచ్చి కూర్చోండన్నాను. తర్వాత, భోజనం చేశారా అన్నయ్యగారూ అంది. చేశానన్నాను. చెయ్యలేదు. ఇప్పుడు చేస్తాను.

రేపటితో బావగారు నాతో మళ్ళీ మాట్లాడరు. మా మధ్య ఫోన్లు చేసి పెట్టడానికి ఇప్పుడు ఆమె కూడా లేదు.

రేపు పొద్దున్న మొదటి బస్సుకు వెళ్తాను. సంఘం ఆఫీసులో బావగారి పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా గోడ పక్కన కూర్చుంటాను. నన్ను పిలిచినప్పుడు లేచి, ఆ కాగితంలో రాసింది తప్పని, ఏడో రౌండులో నా భార్య ఓడిపోయిందని, ఆ తర్వాతే నేను తువ్వాలు విసిరానని చెప్తాను.